పాత ఫోన్ ఇచ్చేసే ముందు ఏది ముందు, ఏది వెనక

మా అత్తమ్మ తన పాత ఫోన్‌ను రెండు ప్లాస్టిక్ డబ్బాలకు ఇచ్చేసింది. బండికి మైకు కట్టుకుని "పాత సెల్‌ఫోన్లకు సామాన్లు ఇస్తాం" అంటూ తిరిగేవాళ్లు మీ వీధికీ వచ్చే ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చి అడిగితే, "ఖరాబైంది కదా బిడ్డా, చార్జింగే ఎక్కుతలేదు. సిమ్ము తీసుకునే ఇచ్చిన" అంది. సిమ్ తీసిన మాట నిజమే. దాని పక్కనే ఉన్న మెమరీ కార్డు తీయలేదు. మా ఆడబిడ్డ పెళ్లి ఫొటోలు, మామయ్య పెన్షన్ కాగితాలు, అందరి ఆధార్‌లు రెండు వైపులా, అన్నీ ఆ కార్డులోనే ఉన్నాయి. డబ్బాలు మాత్రం గట్టివి. ఇప్పటికీ వాటిలో కందిపప్పు పోసుకుంటున్నాం.

ఆ ఫోన్ ఎక్కడికి పోయిందో మాకు తెలియదు. కానీ ఇలా పోయిన ఫోన్లు ఎక్కడికి చేరగలవో 2024 ఆగస్టులో గోదావరిఖనిలో బయటపడింది. రామగుండం పోలీసులు ముగ్గురిని పట్టుకుంటే వాళ్ల దగ్గర దాదాపు 4,000 పాత ఫోన్లు దొరికాయి. ఊళ్లలో ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చి పోగేసినవే. వాటిని సైబర్ మోసగాళ్లకు చేరవేస్తున్నారని పోలీసులు చెప్పారు. చార్జింగ్ పిన్ను పోయిందంటే ఫోన్ ఖాళీ అయిందని కాదు. పిన్ను మార్చడం చిన్న రిపేరు. లోపలి మెమరీ చెక్కు చెదరకుండా ఉంటుంది.

ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చినా, తెలియనివాళ్లకు అమ్మినా, ఇంట్లో తమ్ముడికే ఇచ్చినా చేయాల్సిన పనులు ఒకటే. మనవాళ్లు ఎక్కువగా తప్పేది వరసలో. ఫోన్‌లోవన్నీ ఒకేసారి చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ అందరికీ తెలుసు, అందుకే ముందు అదే చేసేస్తారు. అది ఆఖరి పని. ఇల్లు మారేటప్పుడు సామాను బండెక్కించకుండా తాళం చెవి ఓనరు చేతిలో పెట్టరు కదా.

ముందు టైమ్ చూసుకోండి

ఆన్‌లైన్‌లో ఎక్స్ఛేంజ్ పెడితే కొత్త ఫోన్ తెచ్చిన అబ్బాయే పాతది తీసుకెళ్తాడు. గుమ్మం దగ్గర నిలబడి ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, సరిచూస్తాడు, స్క్రీన్ మీద గీతలున్నాయేమో చూస్తాడు, లాక్ తీసి ఉందా అని అడుగుతాడు. అతనికి ఇంకా డెలివరీలు ఉంటాయి. మీకు టెన్షన్. ఆ పది నిమిషాల్లో ఎనిమిదేళ్ల ఫోన్ సర్దడం ఎవరి వల్లా కాదు.

నన్నడిగితే కొత్త ఫోన్ వచ్చాక కనీసం వారం రోజులు రెండు ఫోన్లూ ఇంట్లో ఉండాలి. ఎక్స్ఛేంజ్ బోనస్ అని ఊరిస్తారు కానీ, విడిగా అమ్ముకుంటే వచ్చేదానికీ దానికీ తేడా ఎంతో ఒకసారి లెక్క వేయండి. ఆ తేడా తక్కువైతే గుమ్మం దగ్గరి ఎక్స్ఛేంజ్ వదిలేయడమే మేలు. ఎక్కువే ఉందనుకుంటే, కొత్తది రాకముందే ఇంట్లో ఇంకెవరి పాత ఫోన్ అయినా తీసి సిమ్ దానికి మార్చుకోండి. కింద చెప్పిన పనులన్నీ ఆ ఫోన్‌తో ముందే ముగించవచ్చు.

డౌన్‌లోడ్స్ తెరవండి, కళ్లు తిరుగుతాయి

గ్యాలరీ గురించి అందరూ ఆలోచిస్తారు. అసలు సంగతి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. నా పాత ఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరిచి చూస్తే ఆధార్ పీడీఎఫ్ ఏడుసార్లు ఉంది, ఒక్కో పనికి ఒక్కోసారి దించుకున్నది. పాన్ కార్డు, ప్లాటు ఈసీ, పాప టీసీ, నాలుగేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఎవరో పంపిన పట్టాదారు పాస్‌బుక్ ఫొటో. ఆ స్టేట్‌మెంట్లకు పాస్‌వర్డ్ ఉంటుందిలే అనుకున్నాను. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ. ఆ రెండూ పక్కనే ఉన్న పాన్ కార్డు మీద ఉన్నాయి.

కావాల్సినవి కొత్త ఫోన్‌కో, కంప్యూటర్‌కో, పెన్‌డ్రైవ్‌కో మార్చుకోండి. డిజిలాకర్‌లో వచ్చే కాగితాలకు ఈ తిప్పలు అక్కర్లేదు, లాగిన్ అయితే మళ్లీ వచ్చేస్తాయి.

తర్వాత రికార్డర్ యాప్ చూడండి. కాల్ రికార్డింగులు, వాయిస్ రికార్డింగులు మామూలు బ్యాకప్‌లో వస్తాయని నమ్ముకోకండి. ఆ ఫైళ్లను చేత్తో కాపీ చేయాల్సిందే. మా నాన్న పోయాక ఆయన గొంతు మాకు మిగిలింది ఒక రెండు నిమిషాల కాల్ రికార్డింగ్‌లోనే. మోటారు స్టార్టర్ కాలిపోయిందని, మెకానిక్ నంబర్ పంపమని అడుగుతుంటాడు. అది ఏ క్లౌడ్‌లోనూ లేదు.

లాక్డ్ ఫోల్డర్, సెక్యూర్ ఫోల్డర్ లాంటివి వాడుతుంటే వాటిలోకీ వెళ్లి చూడండి. గూగుల్ ఫొటోస్ లాక్డ్ ఫోల్డర్‌కు బ్యాకప్ మీరే ఆన్ చేసి ఉండకపోతే, రీసెట్‌తో అందులోవి పోతాయి.

ఫొటోలు డిలీట్ చేయకండి

ఈ మాట వింతగా ఉంటుంది, కానీ ఎక్కువ మంది ఏడ్చేది ఇక్కడే. ఫోన్ ఇచ్చేస్తున్నాం కదా అని గూగుల్ ఫొటోస్ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొడతారు. బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ డిలీట్ ఫోన్‌తో ఆగదు. క్లౌడ్‌లోంచీ పోతాయి, కొత్త ఫోన్‌లోంచీ పోతాయి. బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి అప్పటికప్పుడు గుర్తొస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. మూడు నెలల తర్వాత గుర్తొస్తే చేసేదేమీ లేదు.

ఫొటోలు ఒక్కొక్కటిగా చెరపాల్సిన పనే లేదు, రీసెట్ ఆ పని చేస్తుంది. మీరు చూడాల్సింది అన్నీ బ్యాకప్ అయ్యాయా లేదా అని. గూగుల్ ఫొటోస్‌లో పైన మీ బొమ్మ మీద నొక్కితే బ్యాకప్ పూర్తయిందో, ఇంకా ఎన్ని మిగిలాయో చెబుతుంది. 15 జీబీ ఉచిత చోటు నిండిపోయి ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది చాలామందికి. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోలకు అపరిమిత ఉచిత నిల్వ తీసేసింది, ఫొటోలూ మెయిలూ అన్నీ ఆ 15 జీబీలోకే వస్తున్నాయి. డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి డీసీఐఎం ఫోల్డర్ (కెమెరాతో తీసినవి ఉండేది) మొత్తం లాగేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డర్ వేరే ఉంటుంది, అదీ మర్చిపోకండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూస్తే గానీ నమ్మకండి.

వాట్సాప్

ఒకే నంబర్, రెండూ ఆండ్రాయిడ్ అయితే పని తేలిక. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని, పాత ఫోన్‌లో సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్‌లోకి వెళ్లి కొత్త ఫోన్‌లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. క్లౌడ్ అవసరం లేకుండానే అటు వెళ్లిపోతాయి. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారేవాళ్లు జాగ్రత్త. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్ ఐఫోన్‌లో తెరుచుకోదు. మూవ్ టు ఐఓఎస్ యాప్‌తో, ఐఫోన్‌ను మొదటిసారి సెట్ చేసేటప్పుడే చాట్లు తెచ్చుకోవాలి. ముందు ఐఫోన్ అంతా సెట్ చేసేసి తర్వాత చూద్దాంలే అనుకుంటే మళ్లీ మొదటికే.

టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్లు ఆ ఆరంకెల పిన్ గుర్తుందో లేదో పాత ఫోన్‌లోనే చూసుకోండి. మర్చిపోయి, రికవరీ మెయిల్ కూడా ఇవ్వకపోయి ఉంటే ఏడు రోజులు ఆగాలి.

ఇంకొకటి. పాత ఫోన్‌లో శుభ్రం చేద్దామని డిలీట్ అకౌంట్ నొక్కకండి. అది ఫోన్‌ను కాదు, మీ ఖాతానే చెరిపేస్తుంది. గ్రూపులన్నింటిలోంచి మీరు బయటికి వస్తారు, బ్యాకప్ కూడా పోతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి బయటపడటానికి అది మంచి సాకు, మిగతా అన్నింటికీ నష్టమే. కొత్త ఫోన్‌లో నంబర్ రిజిస్టర్ కాగానే పాత ఫోన్‌లో వాట్సాప్ దానంతటదే ఆగిపోతుంది. లింక్డ్ డివైసెస్‌లో ఎవరెవరి కంప్యూటర్లు ఉన్నాయో మాత్రం ఒకసారి చూసి, అక్కర్లేనివి తీసేయండి. మీ సేవ పక్కనున్న జిరాక్స్ షాపులో ఎప్పుడో తెరిచింది ఇంకా ఉండవచ్చు.

డబ్బు యాప్‌లు

యూపీఐ మీ సిమ్‌కూ ఫోన్‌కూ ముడివేసి ఉంటుంది. కొత్త ఫోన్‌లో యాప్ తెరవగానే ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్తుంది, ముడి పడేది దానితోనే. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది. తప్పు యాప్‌ది కాదు. ప్లాన్‌లో ఎస్సెమ్మెస్‌లు అయిపోయి ఉంటాయి, బ్యాలెన్స్ సున్నా ఉంటుంది. ముందు మీరే ఎవరికైనా ఒక మెసేజ్ పంపి చూడండి.

కొత్త ఫోన్ కోసం సిమ్ మార్పించుకుంటే, కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే ఈసిమ్‌కు మారినా సరే, తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మీ పేరుతో ఇంకెవరైనా సిమ్ తీసుకుంటే మీ డబ్బు పోకుండా పెట్టిన కట్టుబాటు అది. మంచిదే. కానీ ఆ రోజు ఓటీపీలు రావు, యూపీఐ రిజిస్టర్ కాదు. పెళ్లికి బంగారం కొనే రోజో, ఫీజు కట్టే ఆఖరి రోజో ఈ పని పెట్టుకోకండి.

కొత్త ఫోన్‌లో ఒక పది రూపాయలు ఇంట్లోవాళ్లకే పంపి చూసుకున్నాక పాత ఫోన్‌కు వెళ్లండి. ముందుగా యూపీఐ లైట్ వాడుతున్నారేమో చూడండి. పిన్ కొట్టకుండా చిన్న చిన్న డబ్బులు పోయే సౌకర్యం అది, రూ.5,000 దాకా అందులో ఉంచుకోవచ్చు. ఆ బ్యాలెన్స్ ఆ ఫోన్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది. ఫోన్ ఇచ్చేసే ముందు దాన్ని వెనక్కి బ్యాంకు ఖాతాలోకి పంపాలి. లేదంటే ఆ డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరగాలి. తర్వాత ఒక్కో యాప్‌లో ఖాతా తీసేసి లాగవుట్ అవ్వండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయడం లాగవుట్ కాదు. బ్యాంకుల సొంత యాప్‌లు కూడా ఇంతే, డీరిజిస్టర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది.

నేను బోల్తా పడింది ఇక్కడ

ఆఫీసు మెయిల్‌కు లాగిన్ అయినప్పుడు ఆరంకెల కోడ్ అడుగుతుంది చూడండి, ముప్పై సెకన్లకోసారి మారేది. ఆ కోడ్లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ నా పాత ఫోన్‌లో ఉండేది. ఫొటోలు తెచ్చుకున్నాను, వాట్సాప్ తెచ్చుకున్నాను, రీసెట్ కొట్టి షాపులో ఇచ్చేశాను. సోమవారం పొద్దున ఆఫీసులో కోడ్ అడిగింది. కొత్త ఫోన్‌లో అదే యాప్ వేశాను. ఖాళీగా నవ్వింది. ఐటీ వాళ్లకు టికెట్ పెట్టి, మేనేజర్‌తో మెయిల్ పెట్టించి, మళ్లీ లోపలికి వెళ్లేసరికి బుధవారం మధ్యాహ్నమైంది.

అది ఉచితంగా నేర్చుకోండి. గూగుల్ ఆథెంటికేటర్‌లో 2023 నుంచి గూగుల్ ఖాతాతో సింక్ అయ్యే సౌకర్యం ఉంది. అది వద్దనుకునేవాళ్లు ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్‌లోకి వెళ్లి, అక్కడ వచ్చే క్యూఆర్‌ను కొత్త ఫోన్‌తో స్కాన్ చేస్తే అన్నీ మారతాయి. ఒక్కో ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం పాత పద్ధతే, నాకు మాత్రం దాని మీదే ఎక్కువ నమ్మకం.

ఇప్పుడు రీసెట్

సిమ్ తీయండి. మెమరీ కార్డు తీయండి. మా అత్తమ్మ కథ చదివాక ఇది వేరే చెప్పనక్కర్లేదు కానీ చెబుతున్నాను, ఎందుకంటే ఫ్యాక్టరీ రీసెట్ చేసినా కార్డులోవి అలాగే ఉండిపోతాయి. వాచీ జత చేసి ఉంటే విడదీయండి. ఈసిమ్ ఉంటే అది కొత్త ఫోన్‌లోకి మారిందని చూసుకున్నాక పాతదాంట్లోంచి చెరిపేయండి.

తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి గూగుల్ ఖాతాను తీసేయండి. సామ్‌సంగ్, షావోమీ ఫోన్లయితే వాళ్ల సొంత ఖాతా కూడా ఒకటి ఉంటుంది, అదీ తీయాలి. ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపి, యాపిల్ ఖాతా నుంచి సైనవుట్ అవ్వాలి. ఇది చేయకుండా రీసెట్ చేస్తే ఫోన్ కొత్తవాళ్ల చేతిలో తెరుచుకోగానే మీ ఖాతా పాస్‌వర్డ్ అడగొచ్చు. దొంగలకు పనికిరాకుండా చేసిన తాళం అది, ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి ఉంది. ఆ తాళం పడితే కొన్నవాళ్లు రాత్రి పదింటికి ఫోన్ చేసి "పాస్‌వర్డ్ చెప్పండి" అంటారు. మొహమాటానికి చెప్పేవాళ్లనూ చూశాను. చెప్పకండి, ఫోన్ తెప్పించుకుని మీరే తీసి ఇవ్వండి.

చార్జింగ్ సగానికి పైగా ఉన్నప్పుడు రీసెట్ మొదలుపెట్టండి. మామూలు ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ కింద రీసెట్ ఆప్షన్స్‌లో ఉంటుంది. సామ్‌సంగ్‌లో జనరల్ మేనేజ్‌మెంట్ కింద, ఐఫోన్‌లో జనరల్ కింద అడుగున. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే చోట రీసెట్ అని కొట్టండి, అన్నీ వెతుక్కుంటూ కూర్చోకండి.

రీసెట్ చేసినా ఫొటోలు వెనక్కి తీస్తారట కదా అని అడుగుతుంటారు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో గానీ, ఆ తర్వాతి ఆండ్రాయిడ్‌తో గానీ కొత్తగా వచ్చిన ఫోన్లన్నింటిలో డేటాకు ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి. అంటే లోపలున్నదంతా తాళం వేసిన పెట్టె. రీసెట్ ఆ తాళం చెవినే నాశనం చేస్తుంది, పెట్టె మిగిలినా ఎవరికీ తెరుచుకోదు. కాబట్టి మూడుసార్లు రీసెట్ చేసి, మధ్యలో సినిమాలతో నింపి, ఆ హైరానా అంతా కొత్త ఫోన్లకు అక్కర్లేదు. 2016, 2017 నాటి చవక ఫోన్లకైతే నేను భరోసా ఇవ్వను. వాటికి ఎలాగూ వచ్చేది అయిదారు వందలు. ఇంట్లోనే ఉంచుకోండి.

రీసెట్ అయ్యాక భాష ఎంచుకోమనే మొదటి స్క్రీన్ వస్తుంది. వైఫై కలిపి రెండు అడుగులు ముందుకు వెళ్లి చూడండి. పాత పిన్ గానీ ఖాతా గానీ అడగకపోతే స్విచాఫ్ చేసేయండి.

కౌంటర్ దగ్గర

షాపులో కుర్రాళ్లు మంచిగానే అడుగుతారు. "మేడమ్, ప్యాటర్న్ చెప్పి వెళ్లండి, మేమే రీసెట్ కొట్టుకుంటాం." నవ్వి, "రీసెట్ చేసే తెచ్చాను" అనండి. చేయకుండా వెళ్తే, అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని మీ చేత్తో చేసి ఇవ్వండి. ఆలస్యమవుతుందని మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఇచ్చే ముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్ ఫొటో తీసుకోండి, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు వస్తాయి. మీరు ఫలానా తేదీన ఫలానా ఐఎంఈఐ ఉన్న ఫోన్ ఇచ్చారని ఒక రసీదు తీసుకోండి. బయటివాళ్లకు అమ్మితే తెల్లకాగితం మీద అదే రాసి సంతకం పెట్టించుకోండి. రేపు ఆ ఫోన్‌తో ఎవరైనా ఏదైనా చేస్తే పోలీసులు మొదట తట్టే తలుపు బిల్లు మీద పేరున్నవాళ్లది కావచ్చు.

మీ ఆధార్ జిరాక్స్ అడిగితే, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ వెబ్‌సైట్‌లోనే దించుకోవచ్చు. దాని మీద అడ్డంగా "పాత ఫోన్ అమ్మకం కోసం మాత్రమే" అని తేదీతో రాయండి.

స్క్రీన్ పోయిన ఫోన్, రిపేరు ఫోన్

స్క్రీన్ పగిలి ఏమీ కనిపించకపోయినా ఫోన్ ఆన్ అయి నెట్‌లో ఉంటే, కంప్యూటర్‌లో గూగుల్ ఫైండ్ హబ్‌లో లాగిన్ అయి దూరం నుంచే చెరిపేయొచ్చు. అసలు ఆన్ కానిదాన్ని ఎవరికీ అమ్మకండి, డబ్బాలకు అసలే ఇవ్వకండి. ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికి ఇవ్వొచ్చు. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను మాత్రం అల్మారాలో బట్టల మధ్య దాచకండి, దాన్ని గుచ్చడం, సుత్తితో కొట్టడం కూడా వద్దు. అది నిప్పంటుకునే వస్తువు.

రిపేరుకిచ్చి తిరిగి తెచ్చుకునే ఫోన్ అయితే రీసెట్ వరకూ వెళ్లనక్కర్లేదు. సామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే మెకానిక్‌కు ఫోన్ పనిచేస్తుంది, మీ ఫొటోలు, మెసేజ్‌లు కనిపించవు. పిన్ కాగితం మీద రాసి ఫోన్ వెనక అంటించి ఇచ్చే అలవాటు మా ఇంట్లో దీనితోనే పోయింది.

ఫోన్ ఇచ్చేసి ఇంటికొచ్చాక ఇంకొక్క పని ఉంది. కొత్త ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీలో మీ డివైసెస్ చూడండి. ఇచ్చేసిన ఫోన్ పేరు ఇంకా లాగిన్ అయి ఉన్నట్టు కనిపిస్తే దాని మీద నొక్కి సైనవుట్ కొట్టండి. నా లిస్టులో 2018లో పోగొట్టుకున్న ట్యాబ్ కూడా కనిపించింది, ఇంకా లాగిన్ అయ్యే ఉంది.